వారం వారం సీరియలా, ఒకేసారి నవలా?

అనంతపురంలో ఒకే అద్దింట్లో ఉండే నలుగురు స్నేహితులు. ఇద్దరు గే, మిగతా ఇద్దరికి పెళ్లిచూపుల టెన్షన్. ఈ హాస్య కథ రాస్తున్నవాళ్లు దాన్ని ఎలా వదలాలి?

ఖర్చు: సీరియల్‌ని ఫోన్లో టైప్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చు. నవలకు డీటీపీ, ప్రింటింగ్ సొంత జేబులోంచే. అమ్ముడుపోని కాపీలు మంచం కిందికి.

శ్రమ: నవలను నిదానంగా దిద్దుకోవచ్చు. సీరియల్‌కి వారం వారం చివర్లో ఒక ముడి తప్పదు. కానీ హాస్యానికి ఆ ముడే ప్రాణం. సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటుంటే ఇంటి ఓనరమ్మ ఎదురై "నీకూ ఒక సంబంధం చూసినాలే నాయనా" అంటుంది. గే కుర్రాడి నోట్లో బజ్జీ అట్లే ఉండిపోతుంది. అక్కడ ఆపితే పాఠకుడు వారమంతా మనవాడే. నవల్లో అయితే పేజీ తిప్పేస్తాడు. అమెరికా రచయిత ఆర్మిస్టెడ్ మాపిన్ శాన్ ఫ్రాన్సిస్కో కథలు కూడా 1976లో అక్కడి దినపత్రికలో సీరియల్‌గా నడిచి, 1978లో పుస్తకమయ్యాయి.

రిస్క్: సీరియల్‌కి తిట్లు మధ్యలోనే మొదలవుతాయి. ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 377 సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు 2018లోనే వచ్చింది గానీ, చుట్టాల తీర్పు వేరే. బెదిరిపోయి గే పాత్రల్ని మూలకు తోస్తే కథ చచ్చినట్టే. నవల పూర్తయ్యాకే తిట్లు పడతాయి, అదొక్కటే ఊరట.

కామెంట్లు చదివి కూడా నిద్రపోగలిగితే సీరియలే. ముగింపు తెలియనిదే కలం కదలని వాళ్లకు, ఒక్క మాటకే కుంగిపోయే వాళ్లకు నవల.