ఆర్మేనియాలో మఠాలకు ముందు ఒక పుస్తకం

రాజధాని యెరెవాన్‌లో దిగినవారు చాలామంది వెంటనే మఠాలకు కారు మాట్లాడుకుంటారు. నేనైతే మొదటి పూట మాతెనదారన్ రాతప్రతుల భాండాగారానికి ఇవ్వమంటాను. 405లో మెస్రోప్ మాష్టోట్స్ అనే సన్యాసి ఆర్మేనియన్ లిపిని కూర్చింది ప్రధానంగా బైబిలును సొంత భాషలో చదువుకోవడానికే. రాజ్యం పోయిన శతాబ్దాల్లో ఆ జాతికి అండ ఆ లిపి, ఆ చర్చి. అక్కడి 'ముష్ ప్రసంగాలు' దాదాపు 28 కిలోల చర్మపత్ర గ్రంథం. 1915లో ఒట్టోమన్ టర్కీ ఆర్మేనియన్లపై సాగించిన మారణహోమంలో ఇద్దరు స్త్రీలు దాన్ని రెండుగా విడదీసి మోసుకుపోయారట. ఒకామె ప్రాణం దారిలోనే పోయింది, పుస్తకం మాత్రం దక్కింది. ఆ అద్దాల పెట్టె ముందు నాకు కాళ్లు కదల్లేదు. గైడుకు విడిగా డబ్బు కట్టాలి, కానీ దండగ కాదు.

ఖోర్ విరాప్ మఠం నుంచి అరరాత్ కొండ ఎదురుగా కనిపిస్తుంది. వాళ్ల పవిత్ర పర్వతమే, ఉన్నది మాత్రం మూసిన సరిహద్దు అవతల, టర్కీలో. రాజు తిరిదాతెస్ పదమూడేళ్లు క్రైస్తవ బోధకుడు గ్రెగరీని బంధించాడని చెప్పే గోతిలోకి నిటారు ఇనుప నిచ్చెన దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పైనుంచే చూడడం మేలు. ఆ రాజే తర్వాత బాప్తిస్మం తీసుకున్నాడు. సంప్రదాయం ప్రకారం 301లో క్రైస్తవం రాజ్యమతమైంది.

ఒక్క మఠానికే సమయముంటే గెఘార్డ్‌కు వెళ్లండి. కొండను తొలిచిన గుడి లోపలే ఊట పారుతుంది. ఒక ముసలామె ఆ నీళ్లు కళ్లకద్దుకుని, పీఠానికి వీపు చూపకుండా వెనక్కి నడుచుకుంటూ బయటికి వెళ్లింది. నేను తీసుకున్న ప్యాకేజీ వ్యాను అక్కడ అరగంటే ఆపింది, ఇది అన్యాయం. దగ్గర్లోని గార్ని ఊరి దాకా బస్సులో వెళ్లి, అక్కడ టాక్సీ మాట్లాడుకుంటే మీ సమయం మీ చేతిలో ఉంటుంది.

ఆర్మేనియన్ చర్చికి ప్రధాన పీఠమైన ఎచ్‌మియాద్జిన్‌కు ఆదివారం ఆరాధన వేళకు చేరండి. 2015లో మారణహోమంలో చనిపోయిన వారందరినీ చర్చి పునీతులుగా ప్రకటించింది ఇక్కడే. మతం, జాతి వేరుకావని ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పగలరు?

బస నగరం నడిబొడ్డున హోటల్లో కంటే ఎచ్‌మియాద్జిన్‌లో ఇంటివాళ్లు నడిపే గదుల్లోనే నాకు నచ్చింది. వేడినీళ్లు ఆలస్యమైనా ఆదరణకు లోటు లేదు. తొలి ఆర్మేనియన్ పత్రిక 1794లో మద్రాసులో ఒక మతగురువు అచ్చువేశాడని ఇంటాయనకు తెలుసు! శాకాహారులకు ఆకుకూరలు కూరిన జింగ్యాలోవ్ హాట్స్ రొట్టె చాలు, కడుపు నిండుతుంది.