వేసవిలో నెల రోజులా, ఏడాదంతా వారానికోసారా? పిల్లల పలుకుకి ఏది మేలు?

విశాఖలో పిల్లలకి స్పీచ్ థెరపీ, అంటే పలుకు సరిచేసే శిక్షణ, ఇస్తుంటాను. ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "మేడమ్, సెలవుల్లో రోజూ తీసుకొస్తే నెలలో సెట్ అయిపోతుందా? లేకపోతే వారానికోసారి ఏడాదంతా తిరగాలా?" గాజువాక వాళ్లూ అడుగుతారు, మధురవాడ వాళ్లూ అడుగుతారు. మొన్న కూర్మన్నపాలెం నుంచి ఒకాయన, "రోజూ ఎన్‌ఏడీ జంక్షన్ దాటుకుని రావడం మా వల్ల కాదండీ, రెంటిలో ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పేయండి" అన్నారు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పేది పలుకు తేడాగా ఉన్న పిల్లల గురించే. కాకిని 'తాతి' అనేవాళ్లు, రైలుని 'లైలు' అనేవాళ్లు. మాటలే ఆలస్యమైన పిల్లలకీ, నత్తి ఉన్నవాళ్లకీ ఈ లెక్క పనికిరాదు. మూడేళ్ల పాప 'లైలు' అంటే హాయిగా ముద్దు చేసుకోండి, స్పీచ్ థెరపీ అక్కర్లేదు. 27 భాషల పిల్లల సమాచారం కలిపి 2018లో చేసిన ఒక పరిశీలనలో, అయిదేళ్లు నిండేసరికి దాదాపు అన్ని హల్లులూ పలికేస్తున్నారని తేలింది. క, గ లాంటివి అంతకంటే ముందే రావాలి. నాలుగేళ్లు దాటినా 'తాతి' దగ్గరే ఆగితే చూపించండి. అంతకంటే ముందు చెవి పరీక్ష చేయించండి. సరిగ్గా వినపడని పిల్లకి ఎన్ని సిట్టింగ్‌లు చేసినా దండగే.

లెక్క చూస్తే రెండూ ఒకటే. ఆదివారం వదిలేసి రోజూ వస్తే నాలుగు వారాల్లో 24 సిట్టింగ్‌లు. వారానికోసారి వస్తే అవే 24కి దాదాపు ఆరు నెలలు పడుతుంది. చార్జీలు, ఫీజు మొత్తం మీద పెద్ద తేడా రాదు. తేడా అంతా నాలుక దగ్గర ఉంది.

'క' ఎలా పుట్టిస్తామో చెబితే అది అర్థమవుతుంది. పిల్లను వెల్లకిలా పడుకోబెడతాను. నాలుక దానంతటదే కాస్త వెనక్కి జారుతుంది. కొన పైకి లేస్తే 'త' వచ్చేస్తుంది, అందుకని కొన మీద పుల్ల ఆనించి లేవకుండా చూస్తాను. కొందరిని లేపి కూర్చోబెట్టి, నోట్లో కాసిని నీళ్లు పోసి గరగరలాడించమంటాను. అలా పది నిమిషాలు తంటాలు పడ్డాక ఎక్కడో గొంతు దగ్గర నుంచి 'క్' అని ఊడిపడుతుంది. పిల్లకే ఆశ్చర్యం! ఇక అక్కణ్నుంచి చింతపిక్కల ఆట. సరిగ్గా పలికిన ప్రతి 'క'కి ఒక పిక్క గ్లాసులో పడుతుంది. వంద పిక్కలు పడేదాకా వదలను.

ఇంత కష్టపడి పుట్టించిన శబ్దాన్ని శనివారం వదిలేసి మళ్లీ శనివారం పట్టుకుందామంటే చాలామంది పిల్లలకి అది అక్కడ ఉండదు. మళ్లీ పుల్ల, మళ్లీ నీళ్లు. వారానికోసారి వచ్చేవాళ్లలో మొదటి రెండు నెలలు ఇలాగే కరిగిపోవడం ఎన్నోసార్లు చూశాను. రోజూ వస్తే నిన్నటి తడి ఆరకముందే ఇవాళ్టిది మొదలవుతుంది. కొత్త శబ్దం తెప్పించడానికి మాత్రం వేసవి నెలకి తిరుగులేదు. గ్రహణం మొర్రి ఆపరేషన్ అయ్యాక పాత అలవాటుగా గొంతుతో పలికే పిల్లలకీ ఇలా వరసగా కూర్చోబెట్టడం బాగా పనిచేస్తుంది.

అయితే నేను తప్పు చేసింది కూడా ఇక్కడే. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక పాప పన్నెండో రోజుకే 'కాకి, కోడి, లెక్క' అని టకటకా చెప్పేసింది. నెలాఖరుకి వాక్యాలూ వచ్చేశాయి. వాళ్లమ్మ స్వీట్ బాక్స్ ఇచ్చింది, నేను పుచ్చుకుని టాటా చెప్పాను. పాప బొబ్బిలిలో అమ్మమ్మ గారింటికి వెళ్లింది, తర్వాత బడి తెరిచారు. ఆగస్టులో మళ్లీ తీసుకొచ్చారు. నా ఎదురుగా కూర్చుంటే 'కాకి', తలుపు దాటితే 'తాతి'.

శబ్దం నోటికి రావడం వేరు, మాటలో కుదురుకోవడం వేరు. మొదటిది రోజూ చేసినకొద్దీ త్వరగా వస్తుంది. రెండోది మధ్యలో ఎడం ఇచ్చి, చోటు మార్చి, మనిషిని మార్చి చేయిస్తేనే నిలుస్తుంది. గదిలో అద్దం ముందు పలికేది పరీక్ష కాదు. తమ్ముడు బొమ్మ లాక్కున్నప్పుడు "నాకు కావాలి, ఇయ్యి" అని అరిచేటప్పుడు ఆ 'క'లు ఎలా వచ్చాయన్నది పరీక్ష. ఆ సీను నా క్లినిక్‌లో జరగదు, మీ ఇంట్లోనే జరుగుతుంది.

కాబట్టి ఏది మేలన్నది నా దృష్టిలో మే నెలను బట్టి కాదు, జూన్ 12న బడులు తెరిచాక మీరేం చేస్తారన్నదాన్ని బట్టి తేలుతుంది. వేసవిలో నాలుగు వారాలు రోజూ, బడి తెరిచాక వారానికోసారి, వినాయక చవితి దాటాక పదిహేను రోజులకోసారి, అలా దసరా సెలవుల దాకా. నాకు నచ్చిన దారి ఇదే, దాచడమెందుకు. ఇంట్లో రోజూ పది నిమిషాలు పిల్లతో కూర్చునే మనిషి ఒకరుండాలి. అమ్మే అవ్వాలని లేదు, తాతగారైనా చాలు. ఆ మనిషి దొరకరు, జూన్ తర్వాత రావడం కుదరదు అంటారా? అలాంటప్పుడు వేసవి కోర్సు కట్టకండి. వారానికి రెండుసార్లు దగ్గర్లో ఎక్కడైనా చేర్పించండి. నెమ్మదిగా వచ్చినా నిలుస్తుంది.

పిల్ల వయసు కూడా చూసుకోవాలి. నాలుగేళ్ల వాడు మే ఉక్కపోతలో గాజువాక నుంచి బస్సెక్కి వచ్చి ముప్పావుగంట కూర్చోవాలంటే మూడో రోజుకే మొండికేస్తాడు. అలాంటివాళ్లకి పొద్దున్నే ఇరవై నిమిషాలు, ఆట మీద, చాలు. ఆరేడేళ్లు వచ్చి, క్లాసులో నవ్వుతున్నారని తనకే బాధగా ఉన్న పిల్లలైతే రోజువారీ పద్ధతిలో దూసుకుపోతారు. ఒకే మాటను ఒక్కోసారి ఒక్కో రకంగా పలుకుతూ, నోరు ఎటు తిప్పాలో వెతుక్కునే పిల్లల సంగతి వేరే. వాళ్లకి తరచుగా థెరపీ కావాలి, కానీ నెలలో అయ్యేది కాదు. 'నెల గ్యారంటీ' అన్నవాళ్లని నమ్మకండి.

మిగతా దారులు కూడా అడుగుతుంటారు. పిల్లల ఆరోగ్యం కోసం పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద నడిచే ప్రభుత్వ కేంద్రాల్లో ఖర్చుండదు, రద్దీని బట్టి తేదీలు ఇస్తారు. ఆన్‌లైన్ క్లాసు శబ్దం వచ్చాక ప్రాక్టీసుకి బాగుంటుంది, మొదటిసారి తెప్పించడానికి కష్టం. నాలుక కింద పొర కోయించాలా అన్నది ఈఎన్‌టీ డాక్టరు చూసి చెప్పాలి, ఎక్కువమందికి అవసరం పడదు. "ఏటమ్మా, వస రాస్తే రాదేటి?" అని అడిగే మామ్మలకి నేను నవ్వి ఊరుకుంటాను. పిల్లకి మాత్రం పెట్టకండి.

ఎక్కడ చేరినా థెరపిస్టు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడక్కర్లేదు. సిట్టింగ్‌లో మిమ్మల్ని లోపల కూర్చోనిస్తారా అనీ అడగండి. తలుపేసి అరగంటయ్యాక పిల్లను అప్పగించే చోట, ఇంటికెళ్లి ఏం చేయించాలో మీకెలా తెలుస్తుంది?

మొదటి రోజే ఫోన్‌లో ఒక నిమిషం రికార్డు చేసుకోండి. పదాలు అప్పజెప్పించడం కాదు, ఇవాళ ఏం తిన్నావో, ఎవరు కొట్టారో చెప్పమనండి. దసరా సెలవుల్లో అదే ప్రశ్న మళ్లీ అడిగి రికార్డు చేసి, ఆ రెండూ నాకు వినిపించండి.