డిస్నీ వరల్డ్ ప్రయాణం: లోపలి హోటల్లో దిగాలా, కిసిమ్మీలో ఇల్లు తీసుకోవాలా?

ఓర్లాండో టికెట్లు బుక్ చేయకముందే ఇంట్లో మొదలయ్యే వాదన ఇది. డిస్నీ స్థలం లోపలి సొంత హోటల్లో చవక రకం గది 260 చదరపు అడుగులు. దాదాపు అదే డబ్బుకి పక్క ఊరు కిసిమ్మీలో నాలుగు బెడ్రూములు, పెరట్లో స్విమ్మింగ్ పూల్, పూర్తి వంటగది ఉన్న ఇల్లు అద్దెకు వస్తుంది. గదిని గదితో పోలిస్తే డిస్నీ ప్రతిసారీ ఓడిపోతుంది. కానీ లోపలి హోటల్లో ఎక్కువ డబ్బు పోసేది మంచానికి కాదు, పొద్దున్నే పార్కు గేటు దాకా చేరే దారికి. అందుకే ముందు దారి సంగతి చూడాలి, పరుపుల సంగతి తర్వాత.

డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులున్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. బయటి నుంచి కారులో వచ్చేవాళ్లకు చివరి మూడింటితో పెద్ద ఇబ్బంది లేదు. పార్కింగ్ గేటు ముందే ఉంటుంది. యానిమల్ కింగ్‌డమ్‌కైతే డిస్నీ బస్సు కంటే సొంత కారే తొందరగా చేరుస్తుందని చెప్పొచ్చు. చిక్కంతా మ్యాజిక్ కింగ్‌డమ్‌తోనే. దాని గేటు ముందు మామూలు సందర్శకులకు పార్కింగ్ లేదు. సరస్సుకు ఇవతల ఉన్న ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర కారు ఆపాలి. అందరూ టీటీసీ అనేది దీన్నే. అక్కడ సెక్యూరిటీ దాటి, మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు దాటాలి. కారు ఆపిన చోటి నుంచి గేటు దాకా అరగంట నుంచి ముప్పావుగంట వేసుకోండి. ఊబర్ కూడా టీటీసీలోనే దింపుతుంది. బయటి హోటళ్లు ‘ఉచితం’ అని రాసుకునే షటిళ్లు కూడా సాధారణంగా అక్కడిదాకే వస్తాయి, అవీ రోజుకు కొన్ని ట్రిప్పులే.

డిస్నీ హోటల్ బస్సు మాత్రం సరస్సు చుట్టూ వచ్చి గేటు పక్కనే దింపుతుంది. కాంటెంపరరీ హోటల్లో దిగితే పది నిమిషాల నడక. రాత్రి బాణసంచా అయ్యాక ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని మోనోరైలు క్యూ, తర్వాత పార్కింగ్‌లో కారు వెతుకులాట, ఆపైన ఐ-4 హైవే మీద రద్దీ. హోటల్ బస్సుకూ క్యూ ఉంటుంది, కానీ అది ఒక్కటే క్యూ.

కాబట్టి మొదటి లెక్క ఇదీ: మీ ప్లాన్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్ ఎన్ని రోజులు? ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే రెండు రోజులకు తగ్గదు, లోపలి హోటల్ వైపు మొగ్గండి. పిల్లలు హైస్కూలు వయసువాళ్లై ఒక్కరోజుతో సరిపెడితే ఈ కారణానికి బరువు తగ్గిపోతుంది.

రెండోది పొద్దుటి అరగంట. డిస్నీ హోటళ్లలో ఏ తరగతిలో దిగినా, నాలుగు పార్కుల్లో ఏదైనా, ఏ రోజైనా, తెరిచే వేళకు అరగంట ముందే లోపలికి వదులుతారు. పార్కు 9 గంటలకు తెరిస్తే మీకు 8:30. అన్ని రైడ్లూ నడవవు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ వైపు మాత్రమే తెరుస్తారు. యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ ఉండదు, ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ ఉంటుంది. రోజంతా పొడుగాటి లైను ఉండే సెవెన్ డ్వార్ఫ్స్, పీటర్ పాన్, స్లింకీ డాగ్ లాంటివాటిలో ఒకటో రెండో ఈ అరగంటలో అయిపోతే మీరు కట్టిన డబ్బు గిట్టినట్టే.

కానీ 8:30కి లోపలికి వదులుతారంటే 8:30కి హోటల్ నుంచి బయల్దేరడం కాదు. 7:45కల్లా గేటు ముందు ఉండాలి, అంటే 7:15కి బస్సు స్టాపులో. ఆరుగురు స్నానాలు చేసి, అత్తగారు పూజ ముగించి, అందరికీ కాఫీలయ్యేసరికి పదయ్యే ఇల్లైతే ఈ సదుపాయం కాగితం మీదే మిగిలిపోతుంది. మొహమాటం లేకుండా ఆలోచించుకోండి. తొమ్మిదిన్నరకు చేరే కుటుంబానికి లోపలి హోటల్ చాలావరకు దండగే.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ ముందస్తు ప్రవేశం హోటల్లో చేరే రోజూ ఉంటుంది, ఖాళీ చేసే రోజూ ఉంటుంది. గది మధ్యాహ్నం 3 గంటలకే ఇచ్చినా ఆ రోజు పొద్దున్నే పార్కుకు వెళ్లొచ్చు. సామాను హోటల్లో బెల్ సర్వీసెస్ వాళ్లకు అప్పగిస్తే డబ్బులు తీసుకోకుండా దాచిపెడతారు. ఒక్క రాత్రి గదికి రెండు పొద్దుళ్లు! వారమంతా కిసిమ్మీ ఇంట్లో ఉండి, మ్యాజిక్ కింగ్‌డమ్ రెండు రోజులకు మాత్రం ఒక్క రాత్రి లోపలికి మారడం నిజంగా పనికొచ్చే పద్ధతి. పెట్టెలు రెండుసార్లు సర్దుకోవాల్సి వస్తుంది, అంతే.

లైట్నింగ్ లేన్, అంటే రైడ్ల దగ్గర పొడుగు లైను తప్పించే పాస్, డబ్బు పెట్టి కొనేది, ఎక్కడ దిగినా కొనాల్సిందే. తేడా కొనే రోజులోనే. లోపలివాళ్లకు చెక్-ఇన్‌కు 7 రోజుల ముందు పొద్దున 7 గంటలకు, ఈస్టర్న్ టైమ్ ప్రకారం, మొత్తం బసకు ఒకేసారి తెరుచుకుంటుంది. బయటివాళ్లకు వెళ్లే రోజుకు 3 రోజుల ముందు, ఏ రోజుకు ఆ రోజే. క్రిస్మస్, థ్యాంక్స్‌గివింగ్, స్ప్రింగ్ బ్రేక్ వారాల్లో బాగా గిరాకీ ఉన్న రైడ్ల మంచి వేళలు బయటివాళ్ల వంతు వచ్చేసరికి మిగలవు. సెప్టెంబర్‌లో మామూలు మంగళవారమైతే ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. డాలస్, హ్యూస్టన్ వాళ్లకు ఆ 7 గంటలంటే 6 అని మర్చిపోకండి, కాలిఫోర్నియా వాళ్లకైతే 4.

ఇక లోపలి హోటళ్లలో ఏది? వాల్యూ అనే చవక తరగతిలో మూడు ఆల్-స్టార్ హోటళ్లు, పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ ఉన్నాయి. ఆల్-స్టార్ అన్నిటికంటే చవక. అక్కడ బస్సులే గతి, రద్దీ లేని వేళల్లో ఒకే బస్సు మూడు హోటళ్లూ తిరిగి నింపుకుని పోతుంది. కొంచెం ఎక్కువైనా పాప్ సెంచరీయే మేలు. అక్కడి నుంచి స్కైలైనర్ అనే తీగ మీద నడిచే క్యాబిన్లు ఉన్నాయి. స్ట్రోలర్ మడవకుండానే తోసుకుని ఎక్కొచ్చు, బస్సులో సాధారణంగా మడవాల్సిందే. కరీబియన్ బీచ్ హబ్‌లో ఒకసారి మారి హాలీవుడ్ స్టూడియోస్‌కో, ఎప్‌కాట్ వెనక గేటుకో చేరతారు. మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్‌లకు మాత్రం బస్సే. స్కైలైనర్‌లో ఏసీ లేదు. పిడుగులు పడే సూచన ఉంటే ఆపేస్తారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఓర్లాండోలో మధ్యాహ్నం ఉరుములు దాదాపు రోజూ ఉండేవే, కాబట్టి తిరుగు ప్రయాణానికి దాన్నే నమ్ముకుని టైము బిగించి పెట్టుకోవద్దు.

పాప్ సెంచరీ గదిలో రెండు క్వీన్ మంచాలు ఉంటాయి, అందులో ఒకటి పగలు గోడకు మడిచేసి బల్లగా వాడుకునేది. నలుగురికి మించి ఒప్పుకోరు, మూడేళ్ల లోపు బిడ్డ ఒకరు అదనం. ఇక్కడే మన కుటుంబాలకు తేడా కొడుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఆరుగురు. అప్పుడు రెండు గదులు తీసుకోవాలి, లేదా ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్. సూట్‌లో రెండు బాత్రూములు, మైక్రోవేవ్ ఉంటాయి. ధర మాత్రం పాప్‌లో రెండు గదులకు దగ్గరగానో ఎక్కువగానో ఉంటుంది, తేదీలు పెట్టి రెండూ చూడండి. రెండు గదులే చాలుననుకుంటే పక్కపక్కన కావాలని బుకింగ్‌లోనే అడగండి. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో లిటిల్ మెర్మెయిడ్ గదులు సూట్లు కావు, మామూలువి. పేరు చూసి మోసపోవద్దు.

ఆరుగురు దాటితే, రెండు కుటుంబాలు కలిస్తే ఇంకేం ఆలోచించకుండా ఇల్లే తీసుకోండి. విండ్సర్ హిల్స్ లాంటి కాలనీలు పార్కులకు దగ్గర. ఛాంపియన్స్‌గేట్ ఇళ్లు పెద్దవి, కానీ రోజూ ఐ-4 తో పని. ప్రకటనలో కనిపించే రాత్రి ధర నమ్మి సంబరపడకండి. క్లీనింగ్ ఫీజు ఒకటి వస్తుంది, నాలుగు రాత్రులున్నా పది రాత్రులున్నా దాదాపు ఒకటే కాబట్టి చిన్న బసకు బరువుగా పడుతుంది. పన్ను కిసిమ్మీ ఉన్న ఆసియోలా కౌంటీలో 13.5 శాతం. శీతాకాలంలో పూల్ వేడి చేయించుకుంటే రోజుకు ఇంతని వేరే తీసుకుంటారు. చేయించకపోతే డిసెంబర్, జనవరిలో పిల్లలు కాలు పెట్టి వెనక్కి వచ్చేస్తారు. వీటికి కారు అద్దె, టోల్, పార్కుల్లో రోజువారీ పార్కింగ్ కలపండి. ఆ పార్కింగ్ ఒకసారి కడితే ఆ రోజు నాలుగు పార్కుల్లోనూ చెల్లుతుంది. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు పార్కుల్లోనూ హోటల్లోనూ పార్కింగ్ ఉచితం, రిసార్ట్ ఫీజు కూడా లేదు. బయటి హోటళ్లలో చాలావాటికి ఈ రెండూ ఉంటాయి, అవి చెల్లించే పేజీ దాకా వెళ్తేగానీ కనపడవు.

విమానంలో వచ్చి లోపలే ఉంటే కారే అక్కర్లేదు. విమానాశ్రయం నుంచి డిస్నీ ఉచిత బస్సు 2022 జనవరిలో ఆగిపోయింది, ఇప్పుడు మియర్స్ కనెక్ట్ లాంటి షటిల్‌కు డబ్బు కట్టాలి. అట్లాంటా నుంచి సొంత కారులో వచ్చేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది, అద్దె ఇంటి వైపే లాభం.

ఇంటికి ఉన్న అసలు బలం వంటగది. వాల్యూ గదిలో చిన్న ఫ్రిజ్ తప్ప వంటకు ఏమీ ఉండదు. నాలుగు రోజులు బర్గర్, పిజ్జా తిన్న పెద్దవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఇంట్లోనైతే రాత్రి వచ్చి కుక్కర్ పెట్టుకుంటే పప్పూ అన్నం. కిసిమ్మీలో యూఎస్-192 రోడ్డు మీద పబ్లిక్స్, వాల్‌మార్ట్ ఉన్నాయి. కందిపప్పు, చింతపండు, పోపు సామాను మాత్రం మీ ఇంటి నుంచే తెచ్చుకోండి. డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు. వేడి చేయాల్సిన అవసరం లేనిదై ఉండాలి, గాజు సీసాలు పనికిరావు. కూలర్ 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు మించకూడదు. విడి ఐసు ముక్కలు సెక్యూరిటీలో పారబోయిస్తారు, ఐస్ ప్యాక్‌లు పెట్టుకోండి. పులిహోర హాయిగా సాయంత్రం దాకా నడుస్తుంది. ఫ్లోరిడా ఎండలో దద్దోజనం ఐస్ ప్యాక్ లేకుండా నమ్మొద్దు. లోపల మన నాలుకకు దగ్గరగా ఏదైనా కావాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా రెస్టారెంటులో బ్రెడ్ సర్వీస్ ఉంది, నాన్‌లాంటి రొట్టెలూ రకరకాల చట్నీలూ. అక్కడ దిగకపోయినా టేబుల్ బుక్ చేసుకోవచ్చు, 60 రోజుల ముందు నుంచి.

పెద్దవాళ్లకూ చిన్న పిల్లలకూ లోపలి హోటల్ పనికొచ్చేది మధ్యాహ్నం. ఒంటిగంటకు గదికి వెళ్లి, నిద్రపోయి, ఐదింటికి తిరిగి వస్తే రాత్రి బాణసంచా దాకా ఓపిక ఉంటుంది. కిసిమ్మీ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు మధ్యాహ్నం వెళ్లి రావడమంటే దారికే రెండు గంటలు పైబడి పోతాయి, ఎవరూ చేయరు. సాయంత్రం నాలుగుకల్లా పిల్లలు ఏడుపు, నాన్నగారు బెంచీ మీద.

రెండిటికీ మధ్య దారి స్వాన్, డాల్ఫిన్ హోటళ్లు. డిస్నీ స్థలంలోనే ఉన్నా మారియట్ బ్రాండ్ కిందివి, బాన్‌వాయ్ పాయింట్లతో గది తీసుకోవచ్చు. క్రెడిట్ కార్డు పాయింట్లు పోగేసేవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. ఎప్‌కాట్‌కు నడిచి పోవచ్చు, ముందస్తు ప్రవేశం ఉంది, డీలక్స్ హోటళ్లవాళ్లకు కొన్ని రాత్రులు పార్కు మూసే వేళ దాటాక ఇచ్చే అదనపు రెండు గంటలూ వర్తిస్తాయి. రిసార్ట్ ఫీజు, హోటల్ పార్కింగ్ ఫీజు మాత్రం తప్పవు. డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపింగ్ ప్రాంతంలోని హోటళ్లకూ పొద్దుటి అరగంట ఉంది, కాకపోతే వాళ్ల షటిల్ టీటీసీకే. ‘గుడ్ నైబర్’ అని బోర్డు పెట్టుకున్న హోటళ్లకు ఆ అరగంట లేదు. పేరు చూసి ఉందనుకుని బుక్ చేసేవాళ్లు చాలామంది.

ఓర్లాండోలోనే ఉన్న మరో కంపెనీ పార్కులు, యూనివర్సల్‌కు కూడా వెళ్తుంటే అక్కడి లెక్క వేరు, సులువు. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగితే గదిలో ఉన్న అందరికీ లైన్లు తప్పించే ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాస్ ఉచితం, చేరే రోజు, ఖాళీ చేసే రోజు రెండూ కలిపి. నలుగురికి ఆ పాస్ విడిగా రెండు రోజులకు కొంటే రద్దీ వేళల్లో గది అద్దె కంటే ఎక్కువవుతుంది. యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లలో మాత్రమే ఇది చెల్లుతుంది. 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో చెల్లదు, దాని గుమ్మంలోనే ఉన్న హీలియోస్ గ్రాండ్‌లో దిగినా ఈ పాస్ రాదు.

బుక్ చేసేటప్పుడు డిస్నీ సైట్ టికెట్లతో కలిపి ప్యాకేజీ ముందుకు తోస్తుంది. తేదీలు కచ్చితం కాకపోతే గది విడిగా తీసుకోండి. గది ఒక్కటే అయితే కొన్ని రోజుల ముందు రద్దు చేసినా డబ్బు తిరిగి వస్తుంది. ఆన్‌లైన్‌లో రద్దు చేసేవాళ్లు 6 రోజుల ముందే చేయాలి. ప్యాకేజీకి 30 రోజుల గడువు, దాటితే కోత. కిసిమ్మీ ఇళ్లకు ఒక్కో యజమానిది ఒక్కో నిబంధన, కొందరు 60 రోజుల ముందు నుంచే పైసా ఇవ్వరు. హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. వేసవి సెలవుల్లో ఇల్లు తీసుకునేవాళ్లు తుపాను హెచ్చరిక వస్తే డబ్బు సంగతేమిటని యజమానిని ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.