సోలార్ సెల్ నానోస్ఫటికాలు: కంచు సామానా, వెండి సామానా?

సోలార్ సెల్‌లో ఎండను పీల్చుకోవడానికి పూసే, కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలే నానోస్ఫటికాలు. వీటిలో ముందు గుర్తొచ్చేది లెడ్ సల్ఫైడ్. చేయడం తేలికే, కానీ అందులో సీసం ఉంది. పాడైన ప్యానెల్ చెత్తకుప్పలో పడితే ఏం గతి? కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

మిగిలిన వాటిలో ఒకటి సీజెడ్‌టీఎస్. రాగి, జింకు, తగరం, గంధకం. మన కంచు, ఇత్తడి గిన్నెల్లో ఉండే లోహాలే, అన్నీ చవకే. 2009లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఈ సీజెడ్‌టీఎస్ స్ఫటికాలను ఫ్లాస్కులోనే తయారుచేశారు. ఓలైల్‌అమీన్ అనే నూనెలాంటి ద్రవంలో లోహ లవణాలు కలిపి, గాలి తగలకుండా 225 డిగ్రీలకు కాచి, గంధకం కలిపిన ద్రవాన్ని సిరంజితో ఒక్క ఊపున లోపలికి కొట్టాలి. పోపు సంగతి తెలుసుగా, నూనె సరిగ్గా కాగాక ఆవాలన్నీ ఒకేసారి వేస్తే అన్నీ కలిసి చిటపటలాడతాయి. ఇక్కడా స్ఫటికాలన్నీ ఒకేసారి పుడితేనే సైజు సమానంగా వస్తుంది.

చిక్కంతా తర్వాతే. మూడు లోహాలూ ఒకే వేగంతో కలవవు. జింక్ సల్ఫైడ్ విడిగా తేలుతుంది. అంతా బాగా కుదిరినా రాగి, జింకు ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటాయి, వోల్టేజీ పడిపోతుంది. పైగా ఈ స్ఫటికాలను పూసి చేసిన పొరను సెలీనియం ఆవిరిలో 500 డిగ్రీల దగ్గర కాల్చాలి. ఇంత చేస్తే 2010లో వచ్చిన సామర్థ్యం, అంటే పడ్డ ఎండలో కరెంటుగా మారింది, 7.2 శాతం. 2013లో ఐబీఎం వాళ్లు ద్రావణంతో 12.6 శాతం తెచ్చారు గానీ, వాడింది హైడ్రజీన్. అది విషం, పేలే గుణం కూడా ఉంది. పర్యావరణహితం అని దాన్నెలా పిలుస్తాం?

రెండోది సిల్వర్ బిస్మత్ సల్ఫైడ్. దీనికి 100 డిగ్రీల వేడి చాలు. బార్సిలోనాలోని ఐసీఎఫ్ఓ అనే పరిశోధన సంస్థ బృందం 2016లో 6.3 శాతం, 2022లో దాదాపు 9 శాతం సాధించింది. అదీ 30 నానోమీటర్ల పొరతో! వెండి అనగానే ధర గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఈ పొరకి చదరపు మీటరుకు పట్టే వెండి, లెక్క వేస్తే, గ్రాములో పదో వంతు కూడా కాదు. ఖర్చు పెరిగేది గంధకం కోసం వాడే సిలికాన్ సమ్మేళనం దగ్గర. కంపు కూడా దానిదే. మామూలు గంధకంతో, గది ఉష్ణోగ్రతలో చేసే పద్ధతులూ వచ్చాయి.

తక్కువ డబ్బుతో నేర్చుకోవాలనుకునే కాలేజీ ల్యాబ్‌కి సీజెడ్‌టీఎస్సే నయం. ప్లాస్టిక్ షీట్ మీద పూసే సెల్ కావాలంటే మాత్రం నా ఓటు వెండికే, 500 డిగ్రీలకు ప్లాస్టిక్ నిలవదు కదా. అన్నట్టు, ఇందులోని బిస్మత్ ఎక్కువగా వచ్చేది సీసాన్ని శుద్ధి చేసేటప్పుడే, కాబట్టి సీసంతో బంధం పూర్తిగా తెగినట్టు కాదు.