ఊరూరా ఉన్న నలభై పోస్ట్‌గ్రెస్ సర్వర్లకు ఆన్సిబుల్: పచ్చ గీత చూసి పడుకోవద్దు

తణుకు రైసు మిల్లులో ఒకటి, భీమవరం రొయ్యల మేత డీలరు దగ్గర ఒకటి, పాలకొల్లు ఐసు ఫ్యాక్టరీలో ఒకటి, అమలాపురం నర్సింగ్ హోములో రెండు. ఇలా చెదిరిపోయిన నలభై పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల్ని ఇద్దరు ముగ్గురు మనుషులే చూసుకోవాలంటే కుదిరే పనేనా? ఏ సర్వర్లో ఏ వెర్షను ఉందో, బ్యాకప్పు ఎక్కడికి పోతోందో, ఎవరు ఎప్పుడు ఏ సెట్టింగు మార్చారో ఒకరి డైరీలోనో ఇంకొకరి వాట్సాప్‌లోనో ఉంటుంది. ఆ మనిషి పెళ్ళికి సెలవు పెడితే పని ఆగిపోతుంది. ఈ గొడవ తీర్చడానికి, ఒక మెషిన్ నుంచే అన్ని సర్వర్ల సెట్టింగులూ మార్చే ఆన్సిబుల్ అనే సాఫ్ట్‌వేరు పనికొస్తుందా అంటే, నిక్షేపంలా పనికొస్తుంది. కాకపోతే పని అయిపోయాక అది చూపించే పచ్చ గీతను మాత్రం నమ్మకూడదు. ఈ సమీక్షలో సగం దాని గురించే.

ముందు ధర. పైసా ఖర్చు లేదు. రెడ్ హ్యాట్ 2015లో కొన్నా మూల సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్సుగానే ఉంది. డబ్బు కట్టి తీసుకునే పెద్ద వెర్షను నలభై సర్వర్ల స్థాయికి అక్కర్లేదు. సర్వర్ల మీద ఏజెంటు (విడిగా నడిచే సహాయక ప్రోగ్రాము) వేయక్కర్లేదు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), పైథాన్ భాష ఉంటే చాలు. నడిపించే మెషిన్ లినక్స్ గానీ మ్యాక్ గానీ అయి ఉండాలి. విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు అందులో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సౌకర్యం) వేసుకోవచ్చు.

చిక్కు పైథాన్ దగ్గరే మొదలవుతుంది. డెల్టాలో సెంట్‌ఓఎస్ 7 అనే పాత లినక్స్ మీద నడుస్తున్న మిల్లు సర్వర్లు ఇంకా కనిపిస్తాయి. దాని సపోర్టు 2024 జూన్ 30తోనే ముగిసింది. అందులో ఉండేది పైథాన్ 2.7. ఆన్సిబుల్ కోర్ 2.17 నుంచి అవతలి సర్వర్లో పైథాన్ కనీసం 3.7 ఉండాలి. కొత్తది దించుకుని నడిపితే పాత సర్వర్లు అర్థంకాని ఎర్రర్లు కక్కుతాయి. రెడ్ హ్యాట్ 8 వాళ్ళకూ ఇదే తంటా, అందులో సిస్టం పైథాన్ 3.6. పాతవాటి కోసం ఆన్సిబుల్ కోర్ 2.16ను విడి వర్చువల్ ఎన్విరాన్‌మెంటులో ఉంచుకుని, వాటిని మార్చేదాకా దానితోనే నెట్టుకురావాలి.

మార్చేటప్పుడు ఇంకో గోతిలో పడకండి. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.17. ఆ లైబ్రరీ వెర్షన్ 2.28లో అక్షరక్రమం నియమాలు మారాయి. పాత డేటా ఫోల్డరును అలాగే ఎత్తి కొత్త ఓఎస్ మీద పెడితే డేటాబేసు లేస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ పేర్ల మీద ఉన్న ఇండెక్సులు (త్వరగా వెతకడానికి వాడే సూచికలు) పాత క్రమంలో ఉండిపోయి, రైతు పేరు కొడితే ఉన్న ఖాతా కూడా దొరకదు. యూనిక్ ఇండెక్సు ఉన్నా ఒకే పేరు రెండుసార్లు ఎక్కుతుంది. ఆ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాలి (మళ్ళీ కట్టించాలి), లేదంటే డంప్ తీసి కొత్తగా ఎక్కించాలి.

ఇక అసలు పని. మొదటి వారం ఏ సర్వర్లోనూ ఏమీ మార్చకండి, ఉన్నది చదవండి చాలు. ఒక్కో సర్వరు నుంచి వెర్షను, డేటా ఫోల్డరు, పోర్టు, ర్యామ్, లొకేల్ (భాష, అక్షరక్రమం సెట్టింగు), చెక్‌సమ్స్ (డేటా చెడిందో లేదో పట్టే లెక్కలు) ఉన్నాయా లేదా, ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేరేలా చూసే సెట్టింగు) ఆన్‌లో ఉందా అన్నది తెచ్చి ఇన్వెంటరీలో, అంటే ఆన్సిబుల్ వాడే సర్వర్ల జాబితాలో రాయండి. ఎఫ్‌సింక్ ప్రత్యేకంగా చూడండి. సాఫ్ట్‌వేరు నెమ్మదిగా ఉందని ఎవరో దాన్ని ఆపేసి వెళ్ళిపోయిన సర్వరు ఒకటైనా తగులుతుంది. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసిన రాత్రి ఆ డేటాబేసు తిరిగి లేవకపోవచ్చు. మన వైపు కరెంటు సంగతి వేరే చెప్పాలా?

చదివింది ముందు పెట్టుకుని ప్రమాణం రాసుకోవాలి. మేజర్ వెర్షన్లు రెండుకు మించి వద్దు. షేర్డ్ బఫర్స్ (డేటాబేసు తన కోసం పట్టుకునే మెమరీ) ర్యామ్‌లో పాతిక శాతం, అంటే 16 జీబీ సర్వరుకు 4 జీబీ. దీన్ని నలభై చోట్లా అంకెగా రాయకుండా ర్యామ్ నుంచి లెక్క కట్టేలా, కాన్ఫిగ్ ఫైలు తయారుచేసే టెంప్లేటులో పెట్టండి. చెక్‌సమ్స్ తప్పనిసరి. పోస్ట్‌గ్రెస్ 18లో అవి వాటంతటవే ఆన్‌లో వస్తాయి, పాతవాటిలో ఇనిట్‌డీబీతో డేటాబేసు మొదట తయారుచేసేటప్పుడు అడగాలి, లేదంటే వెర్షన్ 12 నుంచి డేటాబేసు ఆపి పీజీ చెక్‌సమ్స్ అనే పనిముట్టుతో ఆన్ చేయాలి. ఉబుంటు, డెబియన్ సర్వర్లలో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టండి. ప్యాకేజీ అప్‌గ్రేడు అయితే డేటాబేసు రీస్టార్ట్ అవుతుంది, ఆటోమేటిక్ అప్‌డేట్లు మాత్రం మిల్లులో కాటా ముందు లారీలు నిలబడ్డాయా లేదా అని చూడవు.

ఇప్పుడు పచ్చ గీత సంగతి. ప్లేబుక్ (చేయాల్సిన పనులు రాసిన ఫైలు) నడిచాక ఆన్సిబుల్ ఒక్కో సర్వరుకు ఒక వరుస చూపిస్తుంది: ఓకే 31, ఛేంజ్‌డ్ 0, ఫెయిల్డ్ 0. అది చూసి సర్వరు ప్రమాణం ప్రకారం ఉందనుకుంటాం. ఆ వరుస చెప్పేది ఫైలు గురించి, నడుస్తున్న డేటాబేసు గురించి కాదు. రెండూ వేరుపడే దార్లు మూడున్నాయి.

మొదటిది హ్యాండ్లర్. కాన్ఫిగ్ ఫైలు మారితే చివర్లో రీస్టార్ట్ చేయమని హ్యాండ్లరుకు చెప్పి ఉంచుతాం. ఫైలు మారింది, హ్యాండ్లర్ నడిచేలోపు మామిడికుదురు దగ్గరో మరో చోటో జేసీబీ తగిలి ఫైబరు తెగింది. సర్వరు అన్‌రీచబుల్. మర్నాడు లైను వచ్చాక మళ్ళీ నడిపితే ఫైలు అప్పటికే సరిగ్గా ఉంది కాబట్టి ఛేంజ్‌డ్ 0, హ్యాండ్లరును ఎవరూ పిలవరు. ఫైల్లో 4 జీబీ, నడుస్తున్నది 128 ఎంబీ. పని మధ్యలో ఫెయిలైనా హ్యాండ్లర్లను నడిపే ఫోర్స్ హ్యాండ్లర్స్ అనే సౌకర్యం ఉంది గానీ లైనే తెగినప్పుడు అదీ ఏమీ చేయలేదు.

రెండోది ఆల్టర్ సిస్టమ్, డేటాబేసు లోపలి నుంచే సెట్టింగు మార్చే కమాండు. దానితో మార్చిన విలువ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆటో కాన్ఫ్ అనే విడి ఫైల్లో చేరుతుంది, డేటాబేసు దాన్ని అన్నిటికన్నా చివర చదువుతుంది. మీ టెంప్లేటు ఎంత చక్కగా ఉన్నా గెలిచేది అదే. తమాషా ఏమిటంటే ఆన్సిబుల్ పోస్ట్‌గ్రెస్ కలెక్షన్లోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సెట్ అనే మాడ్యూలు (ఒక్కో పని చేసిపెట్టే ముక్క) కూడా లోపల ఆల్టర్ సిస్టమే వాడుతుంది. సగం సెట్టింగులు టెంప్లేటుతో, సగం ఆ మాడ్యూలుతో పెట్టే జట్టు తన కాళ్ళకు తనే అడ్డం పడుతుంది. ఏదో ఒక దారి పట్టండి. టెంప్లేటు దారి పట్టి పోస్ట్‌గ్రెస్ 17 లేదా ఆ పైది నడుపుతుంటే, అలౌ ఆల్టర్ సిస్టమ్ అనే సెట్టింగు ఆఫ్ చేసి ఆ తలుపు మూసేయొచ్చు.

మూడోది, ఆన్సిబుల్‌కు జ్ఞాపకం లేదు. యూజరు జాబితాలోంచి ఒక పేరు మీరు తీసేస్తే సర్వర్లో ఆ యూజరు పోడు. తీసేయమని స్టేట్ ఆబ్సెంట్ అని విడిగా రాయాలి. మానేసిన ఉద్యోగి లాగిన్ రెండేళ్ళు బతికుండేది ఇలాగే.

అందుకని ప్రతి ప్లేబుక్ చివరా డేటాబేసునే అడిగే ముక్క ఒకటి తగిలించండి. ముందు పీజీ రీలోడ్ కాన్ఫ్ (కాన్ఫిగ్ ఫైళ్ళను మళ్ళీ చదివించే కమాండు), దానివల్ల డేటాబేసు ఆగదు. రీలోడ్ చేయకపోతే తర్వాతి తనిఖీలో ఏమీ తెలియదు. తర్వాత పీజీ సెట్టింగ్స్ అనే పట్టికలో పెండింగ్ రీస్టార్ట్ ట్రూ ఉన్న (రీస్టార్ట్ అయితేగానీ అమలవని) వరుసలు ఎన్ని, సోర్స్‌ఫైలు ఆటో కాన్ఫ్ అయిన వరుసలు ఎన్ని, జాబితాలో లేని లాగిన్లు ఎన్ని. మూడింటిలో ఏ ఒక్కటి సున్నా కాకపోయినా అసర్ట్‌తో ప్లేబుక్‌ను ఎర్రగా పడేయాలి. ఇరవై లైన్ల పని ఇది. ఇది లేని ఆన్సిబుల్‌కు అయిదులో రెండు మార్కులు, ఉంటే నాలుగు.

దాళ్వాకు కాలవ నీళ్ళు వంతులవారీగా వదిలినట్టే మార్పులూ వంతులవారీగా వదలాలి. దీనికి సీరియల్ అనే సెట్టింగు ఉంది: మొదట 1 సర్వరు, తర్వాత 5, తర్వాత మిగిలినవి. మాక్స్ ఫెయిల్ పర్సెంటేజ్ సున్నా పెడితే మొదటి వంతులో ఒక్కటి పడినా రెండో వంతు మొదలవదు. గంటలు పట్టే రీఇండెక్స్ లాంటివాటికి అసింక్ వాడండి. లైను తెగినా పని సర్వర్లో సాగుతూనే ఉంటుంది, తర్వాత వెళ్ళి ఫలితం చూడొచ్చు. ఫోర్క్స్ (ఒకేసారి పట్టుకునే సర్వర్ల సంఖ్య) మామూలుగా 5, దాన్ని 20 చేస్తే తనిఖీ త్వరగా అయిపోతుంది.

బ్యాకప్పుకు పీజీ బ్యాక్‌రెస్ట్ అనే సాఫ్ట్‌వేరుతో రోల్ (ప్లేబుక్‌లో వాడే పనుల కట్ట) రాసుకునేటప్పుడు తుఫాను లెక్క కట్టండి. ఆర్కైవ్ టైమవుట్ (ఫైలు నిండకపోయినా బ్యాకప్పుకు పంపే గడువు) 5 నిమిషాలు పెడితే, పని నడుస్తూనే ఉన్న సర్వర్లో రోజుకు కనీసం 288 వాల్ ఫైళ్ళు (డేటాబేసులో మార్పుల చిట్టాలు). ఒక్కోటి 16 ఎంబీ, మొత్తం నాలుగున్నర జీబీ. మూడు రోజులు లైను లేకపోతే పద్నాలుగు జీబీ దాకా పేరుకుంటుంది. పంపలేనివాటిని పోస్ట్‌గ్రెస్ పారేయదు, డిస్కు నిండితే ఆగిపోతుంది. కాబట్టి వాల్‌కు విడిగా 25 జీబీ ఇచ్చి, ఆర్కైవ్ పుష్ క్యూ మాక్స్ 18 జీబీ దగ్గర పెట్టొచ్చు. ఆ హద్దు దాటితే పీజీ బ్యాక్‌రెస్ట్ వాల్‌ను వదిలేస్తుంది, డేటాబేసు నడుస్తూనే ఉంటుంది. బదులుగా ఆ గంటల్లో ఏ క్షణానికైనా డేటాను వెనక్కి తెచ్చుకునే వీలు పోతుంది. లైను రాగానే కొత్త బ్యాకప్పు తీయాల్సిందే.

విండోస్ మీద పోస్ట్‌గ్రెస్ పెట్టిన బిల్లింగు సర్వర్ల దగ్గర ఆన్సిబుల్ నీరసిస్తుంది. పోస్ట్‌గ్రెస్ మాడ్యూళ్ళకు పైథాన్ కావాలి గనుక వాటిని ఆ సర్వర్లో నడపలేం, మన మెషిన్ నుంచే లాగిన్ హోస్ట్ ఇచ్చి నడపాలి. యూజర్లు, హక్కుల వరకు సరిపోతుంది, ఫైళ్ళకు విండోస్ కోసం ఉన్న వేరే మాడ్యూళ్ళు వాడాలి.

ఒరాకిల్ వాడే చక్కెర ఫ్యాక్టరీలాంటి పెద్ద చోట్ల ఎంటర్‌ప్రైజ్ మేనేజరులోని ఫ్లీట్ మెయింటెనెన్స్ దీనికన్నా ఒక మెట్టు పైనే. గోల్డ్ ఇమేజి (ప్రమాణంగా ఎంచుకున్న కాపీ) నుంచి కొత్త హోమును (ఒరాకిల్ సాఫ్ట్‌వేరు ఉండే ఫోల్డరు) పాత హోము పక్కనే దించి, డేటాబేసును అందులోకి మారుస్తుంది. తేడా వస్తే పాత ఇంటికి తిరిగి రావడమే. ఆన్సిబుల్‌లో ఆ వెసులుబాటు మీరే కట్టుకోవాలి. పాత ప్యాకేజీలను మీ ఆఫీసు మిర్రర్‌లో దాచుకోవడం అందులో మొదటి పని. ఒరాకిల్ దానికి లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్ ప్యాక్ లైసెన్సు కావాలి, అది చిన్న సంస్థల చేతికి అందేది కాదు.

పోస్ట్‌గ్రెస్ చిన్న విడుదలలు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల రెండో గురువారం వస్తాయి. ఫిబ్రవరి, ఆగస్టు మనకు వీలైనవే. నవంబరుది సార్వా కోతల మీద, మేది దాళ్వా ధాన్యం కొనుగోళ్ళ మీద పడుతుంది. భద్రతకు సంబంధించిన ప్యాచ్ అయితే సీజన్ అని ఆపలేం. మిల్లు సర్వర్లను చివరి వంతుకు నెట్టండి, కాటా రాత్రి ఎన్నింటికి కట్టేస్తారో గుమస్తాను అడిగి ఆ గంటను ఆ సర్వరు పేరు పక్కనే ఇన్వెంటరీలో రాయండి. ప్లేబుక్ ఆ గంట చూసి, సమయం కాకపోతే ఆ సర్వరును వదిలి ముందుకు పోయేలా ఒక వెన్ షరతు చాలు.