పాత సౌండ్ మీటరా, యూఎస్‌బీ మైకా: ఇంటి ఆడియోకి ఏది మేలు?

"మా బావగారు ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చిన రేడియోషాక్ కంపెనీ శబ్దం కొలిచే మీటరు ఉందండీ. అది సరిపోతుందా, కంప్యూటరుకి తగిలించి కొలిచే యూఎస్‌బీ మైక్ కొనాలా?" బెంగళూరులో హోమ్ థియేటర్ పెట్టుకున్న మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మీరు కొలవబోయేది రెండు స్పీకర్ల మధ్య తేడానా, గదిలో బాస్ తీరునా? నా లెక్కలో జవాబంతా దాన్నిబట్టే ఉంటుంది.

స్పీకర్లన్నీ ఒకే స్థాయిలో మోగేలా లెవెల్స్ సమం చేయడానికైతే పాత మీటరు హాయిగా చాలు. 75 డెసిబెల్స్ ఉన్నచోట అది 73 చూపించినా, ఎడమ స్పీకరుకీ కుడి స్పీకరుకీ అదే రెండు తగ్గిస్తుంది కాబట్టి సమం చేశాక ఆ తప్పుతో పనిలేదు. మీటరుని సోఫాలో మీ చెవి ఎత్తున ట్రైపాడ్ మీద నిలపండి. చేత్తో పట్టుకుంటే ఒంటికి తగిలి తిరిగొచ్చే శబ్దం కూడా కలుస్తుంది. రిసీవర్ (స్పీకర్లని నడిపే పెట్టె) టెస్ట్ టోన్ పెట్టి, మీటరులో 'సి' వెయిటింగ్ (లోతు శబ్దాల్ని పెద్దగా తగ్గించకుండా కొలిచే అమరిక), స్లో (రీడింగ్ నెమ్మదిగా కదిలే అమరిక) ఎంచుకోండి. ముల్లు మీటరైతే డయల్ 70 మీద ఉంచితే, ముల్లు +5 దగ్గరికి రావడమంటే 75. మారతహళ్ళి లాంటి రద్దీచోట ఈ పని రాత్రి పొద్దుపోయాకే. గదిలో మామూలు చప్పుడు టోన్ కంటే 10 డెసిబెల్స్ తక్కువుంటే రీడింగ్‌లో తేడా సుమారు 0.4 మాత్రమే. ఫ్యాను ఆపడం మర్చిపోకండి.

సబ్ ఊఫర్ (లోతు శబ్దాల స్పీకరు) కొలిచేటప్పుడు స్విచ్ 'ఏ' వెయిటింగ్ మీద ఉందా, కొంప మునిగిందే. 63 హెర్ట్జ్ దగ్గర 'ఏ' సుమారు 26 డెసిబెల్స్ కోసేస్తుంది, 'సి' ఒకటి కూడా కొయ్యదు. ముల్లు లేవట్లేదని మీరు సబ్ పెంచుకుంటూ పోతారు, కింది ఫ్లోరువాళ్ళు తలుపు కొడతారు. చవక కొత్త మీటర్లలో కొన్నిటికి 'ఏ' ఒక్కటే ఉంటుంది. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో అలాంటిది బేరమాడి తెచ్చుకునేకంటే బావగారి మీటరే వెయ్యి రెట్లు నయం.

ఇక బాస్ తీరు. పన్నెండడుగుల గది పొడవుకి 47 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక రొద (గోడల మధ్య ఆ స్వరం ఉబ్బి మోగడం) పుడుతుంది. మీటరుతోనూ పట్టుకోవచ్చు: ఒక్కో టోన్ మోగించి, 'సి' కోసేసినందుకు 31.5 హెర్ట్జ్ దగ్గర 3, 20 దగ్గర 6 డెసిబెల్స్ కలుపుకుంటూ కాగితం మీద గ్రాఫ్ గీయాలి. సోఫా ఒక అడుగు జరిపారా, మళ్ళీ మొదటికే. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. దానికి యూమిక్-1 అనే యూఎస్‌బీ మైక్ తగిలిస్తే ఒక్క స్వీప్‌తో (కింది స్వరం నుంచి పై స్వరం దాకా సాగే శబ్దం) గ్రాఫ్ గీత వస్తుంది, ఏ స్వరం ఎంతసేపు ఆగకుండా మోగుతోందో కూడా తెలుస్తుంది. ముల్లు అది చెప్పలేదు. పైగా ఆ మైకుకి సీరియల్ నంబరుబట్టి క్యాలిబ్రేషన్ ఫైలు (ఆ మైకు తప్పుల్ని సరిదిద్దే పట్టిక) దొరుకుతుంది. పై ఫ్రీక్వెన్సీల్లో పాత మీటరు మైకుని నేనైతే నమ్మను. ఈక్యూ (స్వరాల హెచ్చుతగ్గులు సరిచేయడం) జోలికి వెళ్ళేవాళ్ళు మైక్ కొనేయండి.

ఫోన్ యాప్ తాత్కాలికానికి సరే, బాస్‌కి వద్దు. రిసీవర్‌తో వచ్చిన మైక్ ఆ రిసీవర్ కోసమే.

నా వరకు, రోజువారీ పనికి చేయి పోయేది మీటరు మీదికే. లాప్‌టాప్ తెరిచే పని ఉండదు. అలాగని పాత మీటరు డబ్బిచ్చి కొనకండి. ఇంట్లో ఉన్నది వాడేముందు వెనక మూత తీసి, 9 వోల్ట్ బ్యాటరీ కారి క్లిప్పులు తినేసిందేమో చూసుకోండి.