గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత ఆరేళ్ల విటమిన్ మాత్రలు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు

బరువు తగ్గడానికి చేయించుకున్న శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రి వాళ్లు నా చేతికిచ్చిన అంచనా కాగితంలో గది అద్దె ఉంది, మత్తు డాక్టరు ఫీజు ఉంది, కుట్లు వేసే స్టేప్లర్ ఖర్చు కూడా విడిగా ఉంది. విటమిన్ మాత్రల ఊసు మాత్రం ఎక్కడా లేదు. డిశ్చార్జి రోజున ఇచ్చిన కాగితం చివర మాత్రల జాబితా, దాని కింద ‘జీవితాంతం వాడాలి’ అన్న ఒక్క ముక్క ఉన్నాయి. నా బీమా ఆపరేషన్‌కు డబ్బు ఇచ్చింది, మాత్రలకు ఇవ్వలేదు. ఆ జీవితాంతంలో ఇప్పటికి ఆరేళ్లు గడిచాయి. ఈ ఆరేళ్లలో డబ్బు ఆదా చేయబోయి ఆరోగ్యం పాడుచేసుకున్న సందర్భాలున్నాయి, అవసరం లేని వాటికి డబ్బు తగలేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి పనికొస్తుందని అన్నీ రాస్తున్నాను.

నాది రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్. పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిగా చేసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యకు కలుపుతారు. ఇనుమునూ కాల్షియాన్నీ బాగా పీల్చుకునే పేగు మొదటి భాగం, అంటే డుయోడినమ్, తిన్న ఆహారం దారిలోకే రాదు. బి12 ఒంటబట్టడానికి కావలసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ను తయారుచేసే పొట్ట భాగం కూడా పక్కకు పోతుంది. స్లీవ్, అంటే పొట్టను సన్నని గొట్టంలా చేసే ఆపరేషన్, చేయించుకున్నవారికి పేగు దారి మారదు కానీ పొట్టలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు కాబట్టి ఆమ్లం తగ్గుతుంది, వారికీ మాత్రలు తప్పవు. ఎంత బాగా తిన్నా సరే, తిండితో ఈ లోటు తీరదు. ఈ సంగతి మనసుకు ఎక్కడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మొదటి ఏడాది బేరియాట్రిక్ రోగుల కోసమే, అంటే ఇలా బరువు తగ్గే ఆపరేషన్ అయినవారి కోసమే, ప్రత్యేకంగా చేసిన నమిలే మాత్రలు వాడాను. మామూలు మల్టీవిటమిన్‌కు దాదాపు నాలుగు రెట్లు ధర. మొదట్లో ఇది దోపిడీ అనిపించింది. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక తేడా తెలిసింది. మామూలు మాత్రలో బి1, అంటే థయామిన్, ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపు ఉంది. మనకు రోజుకు కనీసం 12 మిల్లీగ్రాములు కావాలి, 50 అయితే ఇంకా మంచిదంటారు. బి12 మామూలు దానిలో కొద్ది మైక్రోగ్రాములే. మనకు కావలసింది 350 నుంచి 1000 దాకా. రాగి అందులో అసలు లేనే లేదు. 2013 నాటి అమెరికా మార్గదర్శకాలు ఖనిజాలు కూడా ఉన్న మామూలు మల్టీవిటమిన్లు రోజుకు రెండు వేసుకోమనేవి. అయితే వాటితోపాటు బి12, కాల్షియం, డి విడిగా వేసుకోవాలనీ చెప్పేవి. ఆ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు. మొదటి ఏడాది ఏ వాసన పడుతుందో, ఏది వాంతి అవుతుందో తెలియని స్థితిలో విడివిడిగా ఇన్ని డబ్బాల లెక్క పెట్టుకోలేం. అందుకే ధర ఎక్కువైనా ఆ ఏడాదికి ప్రత్యేక మాత్రే సరైనదని నా అభిప్రాయం. పెద్ద మాత్రలు మింగడానికి డాక్టరు ఒప్పుకున్నాక నమిలేవి మానేసి గుళికలకు మారాను. మందు అదే, ధర మాత్రం బాగా తగ్గింది. రుచికీ రంగుకీ ఎంత కడుతున్నామో అప్పుడే తెలిసింది.

కాల్షియం దగ్గర నేను చేసిన పొరపాటు వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాతో పాటు ఆపరేషన్ అయిన ఇద్దరు ముగ్గురు ఇదే పొరపాటు చేశారు. మనకు రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రెండో ఏడాది మందుల షాపులో ‘కాల్షియం సిట్రేట్ 1000 మిల్లీగ్రాములు’ అని పెద్ద అక్షరాలతో ఉన్న సీసా చవకగా దొరికింది. 60 మాత్రలు. రోజుకు ఒకటి దాదాపు చాలు, జాగ్రత్త కోసం రెండు వేసుకుందాం అనుకుని నెలకు సరిపోయిందని సంబరపడ్డాను. ఆ 1000 సిట్రేట్ లవణం మొత్తం బరువు. అందులో అసలు కాల్షియం 21 శాతమే, అంటే 210 మిల్లీగ్రాములు. వెనుక వైపు చిన్న అక్షరాల్లో ‘ఎలిమెంటల్ కాల్షియం’ అని ఆ అంకె ఉండనే ఉంది, నేను చూడలేదు. ఎనిమిది నెలలు రోజుకు 420 మిల్లీగ్రాములతో గడిపాను. తర్వాతి పరీక్షలో రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంది, రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్ మాత్రం పెరిగి కూర్చుంది. తిండిలో అందని కాల్షియాన్ని శరీరం ఎముకల నుంచి తీసి రక్తంలో పోస్తోందని డాక్టరు వివరించారు. కాల్షియం ఒక్కటే చూసి బాగుందనుకుని తిరిగి వచ్చేయకండి. ఆ హార్మోన్ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి.

ధర లెక్క కూడా ఆ రోజే మళ్లీ వేశాను. చవక సీసాలోని మాత్రలు సరైన మోతాదులో వాడితే రోజుకు ఆరు, సీసా పది రోజులకు ఖాళీ. దాని ధరకు ఒకటిన్నర రెట్లున్న మరో సీసాలో ఒక్కో మాత్రకు 250 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ కాల్షియం, మొత్తం 120 మాత్రలు. రోజుకు ఐదు చొప్పున 24 రోజులు వస్తాయి. అంటే ఖరీదైనదని నేను పక్కన పెట్టిన సీసా, రోజు లెక్కన చవక సీసాలో మూడింట రెండు వంతుల ఖర్చు కూడా కాదు. ఆనాటి నుంచి సీసా ధర చూడడం మానేశాను. సీసా ధరను, సరైన మోతాదులో అది ఎన్ని రోజులు వస్తుందో ఆ అంకెతో భాగిస్తాను. ప్రతి మాత్రకూ ఇదే లెక్క.

కాల్షియం కార్బొనేట్ ఇంకా చవక, అందులో కాల్షియం 40 శాతం ఉంటుంది కదా అని అడుగుతారు. నేనూ అడిగాను. కార్బొనేట్ కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి, మన చిన్న సంచిలో అది చాలా తక్కువ. అసిడిటీ మాత్రలు కూడా వాడుతుంటే మరీ కష్టం. సిట్రేట్‌కు ఆ అవసరం అంతగా లేదు, తిన్నాక వేసుకున్నా ఖాళీ కడుపున వేసుకున్నా పనిచేస్తుంది. ఒక్కసారికి 500, 600 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే ఒంటబట్టదు కాబట్టి నేను రెండు, రెండు, ఒకటి చొప్పున మూడు పూటలుగా వేసుకుంటాను.

ఇనుము సంగతి ఇంకా బాధాకరం. ఇలాంటి ఆపరేషన్ అయినవారిలో నెలసరి వచ్చే ఆడవాళ్లకూ, బైపాస్ అయినవారందరికీ రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ కావాలి. నాకు మలబద్ధకం పట్టుకుంది, మాత్రల ఖర్చు కూడా పెరుగుతోంది అనుకుంటూ మూడో ఏడాది ఐరన్ మానేశాను. అడిగితే ‘మల్టీవిటమిన్‌లో ఉంది కదా’ అనేదాన్ని. కొన్ని నెలలకు ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు నమలడం అలవాటైంది. పొద్దున లేవగానే ట్రే తీసి, సింకు అంచుకు కొట్టి, నాలుగు ముక్కలు నోట్లో వేసుకుంటే తప్ప పని మొదలయ్యేది కాదు. రాత్రి నిద్ర మధ్యలో లేచి కూడా తినేదాన్ని. పళ్లు జివ్వుమంటున్నా ఆపలేకపోయాను. ఎండ వల్ల అనుకున్నాను. ఐసు మీద ఇలాంటి యావ ఇనుము లోపానికి పేరున్న గుర్తు అని డైటీషియన్ చెబితే నోట మాట రాలేదు. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ 6కు పడిపోయింది. హిమోగ్లోబిన్ 11 పైనే ఉంది కాబట్టి అంతకుముందు చేయించుకున్న మామూలు రక్త పరీక్షలో ఎవరికీ పెద్దగా అనుమానం రాలేదు. నిల్వలు ముందు అడుగంటుతాయి, రక్తం తర్వాత తగ్గుతుంది.

నరంలోకి ఐరన్ ఎక్కించారు, రెండు విడతలు. నేను మానేసి మిగుల్చుకున్న మాత్రల డబ్బుకు ఆ బిల్లు ఎన్నో రెట్లు. మొదటి విడత అయిన వారం పది రోజులకే ఐసు మీద ధ్యాస పోయింది. ఇప్పుడు ఫెర్రస్ ఫ్యూమరేట్ వాడుతున్నాను. దానిలో మూడో వంతు ఇనుము, కాబట్టి 150 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 50 ఉంటుంది. ఇది చాలా చవకైన మందు. ఖరీదైన ‘సున్నితమైన ఐరన్’ గుళికలు కూడా వాడి చూశాను. నా కడుపుకు తేడా ఏమీ కనిపించలేదు, కాబట్టి మళ్లీ కొనలేదు. మీకు తేడా ఉంటే కొనండి, మానేయడం కన్నా అదే నయం. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. కాఫీ, టీ కూడా ఇనుమును అడ్డుకుంటాయి. నేను పడుకునే ముందు ఐరన్ వేసుకుంటాను, ఆ వేళకు ఏదీ దానికి అడ్డు రాదు.

బి12 గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర చవక. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకపోయినా పెద్ద మోతాదులో ఒక శాతం దాకా దానంతట అదే లోపలికి వెళ్తుంది, ఆ మాత్రం చాలు. మాత్ర మరిచిపోయేవారికి నెలకో ఇంజెక్షన్ హాయి. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. కాలేయంలో బి12 నిల్వ ఏళ్ల తరబడి ఉంటుంది, అందుకే ‘ఏమీ వేసుకోకపోయినా నాకేం కాలేదు’ అనేవారి మాట నమ్మకండి. విటమిన్ డి3 కూడా చవకే. రోజుకు 3000 ఐయూతో మొదలుపెట్టి, రక్తంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేలా మోతాదు సరిచేస్తారు.

డబ్బు వృథా చేసిన వాటిలో మొదటిది చర్మానికి అంటించుకునే విటమిన్ ప్యాచ్. మాత్రలు మింగే బాధ లేదని నాలుగు నెలలు వాడాను. బి12 లాంటి పెద్ద అణువు చర్మం దాటి తగినంతగా లోపలికి పోవడం ఎంత కష్టమో అప్పుడు ఆలోచించలేదు. నాలుగు నెలల తర్వాత అంకెలన్నీ కిందికి జారాయి. జెల్లీ మిఠాయిలా ఉండే గమ్మీలు రెండోవి. వాటిలో చాలావాటికి ఇనుము ఉండదు, థయామిన్ ఉండదు, పంచదార మాత్రం ఉంటుంది.

మూడోది జుట్టు కోసం కొన్న మాత్రలు. ఆపరేషన్ అయిన మూడు నుంచి ఆరు నెలల్లో జుట్టు కుచ్చులుగా రాలింది. దువ్వెన చూడాలంటే భయం వేసేది. వేగంగా బరువు తగ్గినప్పుడు ఇలా జరగడం మామూలేనని, చాలామందికి తిరిగి వస్తుందని ఎంత చెప్పినా మనసు ఒప్పుకోలేదు. బయోటిన్ పెద్ద మోతాదు, దానికి తోడు 50 మిల్లీగ్రాముల జింకు మొదలుపెట్టాను. బయోటిన్ వల్ల థైరాయిడ్ పరీక్ష ఫలితం తప్పుగా వచ్చి, అది ఆపి మళ్లీ పరీక్ష చేయించుకోవలసి వచ్చింది. జింకు ఒక్కటే ఎక్కువగా వేసుకుంటే రాగి తగ్గిపోతుంది. ప్రతి 8 నుంచి 15 మిల్లీగ్రాముల జింకుకు ఒక మిల్లీగ్రాము రాగి ఉండాలి, నేను రాగి లేకుండానే ఆరు నెలలు మింగాను. రాగి మరీ తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడుతుంది. నాకు అక్కడిదాకా రాకముందే పరీక్షలో బయటపడింది. జుట్టు మాత్రం ఏడాది దాటాక వచ్చింది. ఆ మాత్రల వల్లే వచ్చిందని మాత్రం చెప్పలేను.

థయామిన్ మాత్ర అన్నిటికన్నా చవక, దాని లోపం అన్నిటికన్నా ప్రమాదకరం. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. నాలుగో ఏడాది కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి ఐదు రోజులు వాంతులు. నీళ్లే నిలవనప్పుడు మాత్ర ఎక్కడ నిలుస్తుంది? అత్యవసర విభాగంలో గ్లూకోజు సీసా వేలాడదీస్తుంటే, ‘నాకు బైపాస్ అయింది, ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వండి’ అని అడిగాను. డ్యూటీ డాక్టరు ఒక్క క్షణం ఆగి, సరేనని అదే ముందు ఇచ్చారు. థయామిన్ లేని ఒంట్లోకి గ్లూకోజు ముందుగా వెళ్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ‘ముందు థయామిన్’ అన్న ఈ ఒక్క మాట మీ ఇంట్లో వాళ్లకు కూడా కంఠస్థం చేయించండి. ఆ సమయంలో మీరు మాట్లాడే స్థితిలో లేకపోవచ్చు.

ప్రస్తుతం నేను విడివిడిగా కొని వాడుతున్నవి: ఖనిజాలతో కూడిన మల్టీవిటమిన్ రోజుకు రెండు, బి-కాంప్లెక్స్, బి12, డి3, కాల్షియం సిట్రేట్, ఫెర్రస్ ఫ్యూమరేట్. మల్టీవిటమిన్ ఎంచుకునేటప్పుడు రాగి ఉందో లేదో చూసే కొన్నాను. మొత్తం ఖర్చు మొదటి ఏడాదిలో సగానికి తక్కువ. అందులో పెద్ద వాటా కాల్షియానిదే. మూడు నెలలకు సరిపడా ఒకేసారి కొంటాను, గడువు తేదీ చూసి. ఇలా మారే ముందు డైటీషియన్‌తో ప్రతి సీసా వెనుక భాగం చదివించుకున్నాను, మారిన మూడు నెలలకు రక్త పరీక్ష చేయించుకున్నాను. అది చేయించుకోలేని పరిస్థితి ఉంటే ఖరీదైనా ప్రత్యేక మాత్రతోనే ఉండమని చెబుతాను. ఏడాదికోసారి జరిగే పెద్ద పరీక్షల ఖర్చులో పన్నెండో వంతు ప్రతి నెలా మాత్రల డబ్బుతోపాటు పక్కన పెడతాను. కిందటి నెల ఫలితాల్లో ఫెర్రిటిన్ 58, విటమిన్ డి 41, పారాథైరాయిడ్ హార్మోన్ హద్దుల్లోనే ఉంది, రాగి కూడా మామూలుగానే ఉంది. ఫ్రిజ్‌లో ఐసు ట్రే ఇప్పుడు ఎవరైనా వచ్చినప్పుడే బయటకు వస్తోంది.